సూదాయన

పోయిన నెల మా ఆవిడను ఏడాదికోసారి చేయించే పరీక్షకు తీసుకెళ్లాను. కొండాపూర్‌లో మా ఇంటి నుంచి ఆటోలో ఎంతో దూరం లేదు ఆ ఆసుపత్రి. కింది హాల్లో గోడంత టీవీ ఒకటుంది. అందులో బొమ్మలు మారుతూ ఉంటాయి. మోకాలి చిప్పల మార్పిడి, పార్కులో నవ్వుతున్న ముసలి జంట, గుండెకు ఏదో పథకం. వాటి మధ్యలో ఒక మనిషి బొమ్మ వచ్చింది. కోటు, టై, బొమ్మకు పూలదండ, కింద ఇంగ్లీషులో రెండు వరుసలు. నేను కళ్లజోడు సర్దుకునేలోపు అది పోయి, ఒళ్లంతా పరీక్ష చేయించుకుంటే పండగ తగ్గింపు అన్న ప్రకటన వచ్చింది.

"ఆయనే కదండీ" అంది మా ఆవిడ.

"ఆయన టై కట్టుకోడు" అన్నాను.

కౌంటరులో కూర్చున్న అమ్మాయి దగ్గరకు వెళ్లి, ఆ బొమ్మను కాసేపు ఆపమని అడిగాను. చదువుకోవాలన్నాను.

"అది లూప్‌లో ఉంది సార్. మళ్లీ వస్తుంది" అంది ఆ పిల్ల, ఎంతో మర్యాదగా.

మనిషి పోతే లూపులో పెట్టారు. నాకు ఒళ్లు మండింది గానీ ఆ పిల్లను అని ఏం లాభం. ఇద్దరం గోడ ముందు నిలబడ్డాం. మోకాళ్లు వచ్చాయి, గుండె వచ్చింది, నవ్వే జంట వచ్చింది, తర్వాత ఆయన వచ్చాడు. ఆయనే. గుండె ఆగి పోయాడట. అరవై కూడా నిండలేదు. మా ఆవిడ చెయ్యి దానంతటదే చెవి కిందికి, మెడ దగ్గరకు పోయింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు ఆయన గది గాజు తలుపు మీద ఇంగ్లీషు అక్షరాల్లో, వెనకాల అరడజను డిగ్రీలతో ఉండేది. మేము ఆ పేరుతో ఆయన్ని ఎప్పుడూ పిలవలేదు. మా ఇంట్లో ఆయన సూదాయన. "సూదాయన చెప్పాడుగా", "సూదాయన అయితే ఇలా అనేవాడు కాదు" అని అనుకునేవాళ్లం. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాం.

సంగతి మొదటి నుంచి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా ఆవిడకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉండేది. మాట కాస్త ముద్దగా వచ్చేది, నోట్లో వేడి బంగాళదుంప పెట్టుకుని మాట్లాడుతున్నట్టు. బయటికి చూస్తే ఏమీ లేదు. మెడ మామూలుగా ఉంది. గొంతు డాక్టరు నోరు తెరిపించి లైటు వేసి చూసి, స్కాన్ తీయించాడు. దవడ ఎముక వెనకాల, గొంతు గోడకు పక్కన, లోతులో గడ్డ ఉంది. నిమ్మకాయంత. చేతికి దొరకదు, కంటికి కనపడదు.

పెద్ద ఆపరేషన్లు చేసే డాక్టరు ఒకాయన ఉన్నాడు పై అంతస్తులో. కుర్రవాడు, మంచివాడే. అక్కడికి చేరాలంటే కింది దవడను మధ్యకు చీల్చి తెరవాల్సి రావచ్చునని కంప్యూటరు మీద వేలు పెట్టి చూపించాడు. చూపిస్తున్నది మా ఆవిడ దవడ అన్న సంగతి అతనికి ఆ కాసేపు గుర్తున్నట్టు లేదు. అయితే ముందు ఆ గడ్డ ఏ రకమో తెలియాలి, దానికి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, సూదితో తీయగల మనిషి కింద బేస్‌మెంటులో ఉన్నాడు అన్నాడు.

ముక్క పరీక్ష అనగానే మా మెట్ల మీద, లిఫ్టులో, కూరగాయల బండి దగ్గర, ఎవరు పడితే వాళ్లు డాక్టర్లయిపోయారు. గడ్డను కదిపితే రేగుతుంది, సూది తగిలితే ఒళ్లంతా పాకుతుంది. కంప్యూటరు కంపెనీల్లో ఉద్యోగాలు చేసేవాళ్లే ఈ మాట అన్నారు. నేను బడిలో చదివింది తక్కువ. బాలానగర్‌లో లేతు మిషను మీద బతుకంతా గడిపినవాణ్ణి, చదివిందంతా పాత పుస్తకాల బండి దగ్గర. అయినా వాళ్లతో వాదించాను. వాళ్లతో వాదించి గెలవచ్చు. మా ఆవిడతో ఏం వాదిస్తాను. "ఉన్నదాన్ని ఉన్నట్టే ఉండనిస్తే పోలేదాండీ" అంది తను. అప్పటికి తనకు అన్నం ముద్ద దిగడం కూడా కష్టమవుతోంది.

అలా బేస్‌మెంటుకు దిగాం. అక్కడ ఏసీ చలి ఎముకలు కొరుకుతుంది. తలుపు తోసుకుని ఒక భారీ మనిషి వచ్చాడు. పెళ్లి వంటలవాడిలా ఉన్నాడు. పొట్టి చేతుల చొక్కా, లావు వేళ్లు, బుగ్గన సోంపు. ఇంత లావు వేళ్లతో సూది పట్టుకుంటాడా అనుకున్నాను.

"ఏందమ్మా, ఏ ఊరు మనది?" అన్నాడు కూర్చుంటూ.

"గుడివాడ దగ్గరండి."

"గుడివాడనా. మాది జనగాం దిక్కు. మీరు పులుపు బాగ తింటరు, మేం కారం బాగ తింటం. కుతికలు రెండూ ఖరాబే."

మా ఆవిడ నవ్వింది. చాలా రోజులకు. ఆయన తన కుర్చీ దగ్గరికి జరుపుకుని, రెండు వేళ్లు చెవి కింద పెట్టి, కళ్లు మూసుకున్నాడు. స్కాన్ ఫిల్ములన్నీ వెనకాల లైటు పెట్టె మీద వెలుగుతుంటే వాటిని చూడకుండా, కళ్లు మూసుకుని, బియ్యంలో రాయి కోసం వెతుకుతున్నట్టు వేళ్లు కదిలించాడు. తర్వాత స్టెతస్కోపు మెడ మీద పెట్టి చాలాసేపు విన్నాడు. గుండెకు పెట్టేది మెడకు పెట్టాడేమిటి అని అడిగాను.

"లోపట హుష్షుమని సప్పుడొస్తే అది నెత్తురు పారే గడ్డ. దాన్ని నేను ముట్ట. స్కాన్ల గూడ చూసిన, అయినా చెవుతోటి ఒకసారి ఇనాలె. సప్పుడు లేదు. మంచిది. ఇగ నువ్వు జర బయట కూసో కాకా."

నాకు డెబ్బై దాటాయి. ఆయనకు యాభై ఉంటాయేమో.

"నువ్వు ఏమిటండీ, నువ్వు" అన్నాను.

"మా బాపునే నువ్వంట నేను. మీరు అంటే ఎవరో పరాయోళ్లను పిల్చినట్టుంటది."

"మీ బాపుకు లేని అభ్యంతరం నాకుంది."

మా ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. ఆయన ఒక్క క్షణం నన్నే చూశాడు. ఆలోచించాడు.

"సరే" అన్నాడు. "మీరు బయట కూసో."

ఆనాటి నుంచి ఆయన నాతో మాట్లాడిన తెలుగు అదే. మీరు చాయ్ తాగినవా. మీరు జర సైడుకు జరుగు. మీరు ఎందుకు లొల్లి పెడ్తున్నవ్. ఎగతాళి చేస్తున్నాడో, నా మాట మన్నిస్తున్నాడో తెలిసేది కాదు. ముఖం చూస్తే చాలా గంభీరంగా ఉండేది. ఆ రోజు నేను అడిగింది తప్పని ఇవాళ్టికీ ఒప్పుకోను.

నేను బయటికి పోలేదు. గుమ్మంలోనే నిలబడ్డాను. మా ఆవిడ తన అనుమానం అడిగేసింది. "కదిపితే రేగుతుందంటారండీ అందరూ."

ఎవరైనా సరే, అలాంటిదేం లేదు, మూఢనమ్మకం అని కొట్టిపారేస్తారు. ఆయన కొట్టిపారెయ్యలేదు. సొరుగులోంచి ఖాళీ సూది తీశాడు. పైన సన్నటి గొట్టం, దాని లోపల ఇంకో సూది. "ఈ గొట్టం ఒక్కపారి లోపటికి పోయి ఆడనే ఉంటది. లోపటి సూది గడ్డను కొరికి, ఈ గొట్టంలకెళ్లే ఎనక్కి వస్తది. దారిల ఎక్కడ రాలది. నేను ఇంతవరకు చూడలే. అస్సలు జరగదని ఎవడన్న ఒట్టు పెడితే నమ్మకు. కాని ఏందో తెల్వకుండ దవడ కోసుకునుడు కంటే ఇది నయం గదా."

"నొప్పా అండి?"

"ఉంటది. తిమ్మిరి మందు ఇచ్చినంక జరంత."

నొప్పి ఉండదు అని ఆయన ఎవరికైనా చెప్పగా నేను వినలేదు. తర్వాత ఆ గది బయట కూర్చున్నన్ని సార్లూ గమనించాను. చిన్నపిల్లలకు కూడా "ఉంటది, నువ్వు ఏడువు, ఏం కాదు" అనేవాడు.

సూది పెట్టే రోజున మా ఆవిడను స్కాన్ బల్ల మీద పడుకోబెట్టారు. నన్ను బయటే ఉండమన్నారు. నేను కదలలేదు. చివరికి ఆయనే వచ్చి, "మీరు నోరు మూసుకొని కూసుంటనంటే అద్దం ఎనక కూసో" అన్నాడు. అద్దం వెనకాల గదిలో కంప్యూటర్లుంటాయి. లోపల మాట్లాడేది పైన చిన్న పెట్టెలోంచి వినపడుతుంది.

ముందుగా ఆయన చేసిన పని చెబుతాను. ముక్క తీసే ఆ సాధనం చప్పుడు లేకుండా పని చేయదు. మీట నొక్కితే టక్కున చప్పుడు చేసి కొరుకుతుంది. ఆ చప్పుడుకు మనిషి ఉలిక్కిపడితే లోపల సూది కదులుతుంది. పక్కనే మెదడుకు నెత్తురు మోసే పెద్ద గొట్టం. అందుకని ఆయన దాన్ని మా ఆవిడ చెవి దగ్గర పెట్టి గాలిలో నొక్కాడు. టక్. తను ఉలిక్కిపడింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ. తను కళ్లార్పడం మానేసేదాకా నొక్కాడు.

"యాష్టకొచ్చిందా?" అన్నాడు.

"వచ్చిందండి" అంది మా ఆవిడ. మొహం మొత్తిందా అంటున్నాడని తను పోల్చుకుంది.

"యాష్టకు రావాలె. అప్పుడే నేను మొదలుపెడ్త. ఇగ మాట్లాడొద్దు. గుటక మింగొద్దు. మింగాలనిపిస్తే ఏలు లేపు, నేను ఆగుతా. ఎంతసేపైనా ఆగుతా. ఇప్పుడొకసారి మంచిగ మింగు."

తను మింగింది. ఆయన కూడా మింగాడు. ఇది ఆయన అలవాటు. ఎవరిని మింగమన్నా తానూ ఒక గుటక వేస్తాడు. సూది లోపల ఉన్నంతసేపూ తాను కూడా మింగడు. అద్దంలోంచి చూస్తే ఆయన గొంతు రాయిలా కదలకుండా ఉండేది.

చెవికి ముందు, చెంప ఎముక కింద నుంచి సూది పోయింది. కొంచెం తోయడం, ఇవతలికి వచ్చి స్కాన్ తీసి చూసుకోవడం, మళ్లీ లోపలికి పోవడం. ఇవతలికి వచ్చినప్పుడల్లా తెర మీద వేలు పెట్టి నాకు చెప్పేవాడు. "ఈ తెల్ల గీత సూది. ఈ గుండ్రంది నెత్తురు గొట్టం. గది మీ గడ్డ." నా గడ్డ కాదు, అయినా దిద్దలేదు.

మొదటి ముక్క తీసి మందు నీళ్ల సీసాలో వేశాడు. వెలుగుకు ఎత్తి చూసి, పెదవి విరిచి, "తేలింది" అన్నాడు. మళ్లీ సూది సర్దాడు. స్కాన్. టక్. రెండో ముక్కను సీసాలో వదిలాడు. తెల్లటి దారప్పోగు లాంటి ముక్క. అది మెల్లగా కిందికి దిగి సీసా అడుగున పడుకుంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"మునిగింది" అన్నాడు గట్టిగా. ఇంకొకటి తీశాడు. "గిది గూడ మునిగింది. ఇగ అయిపోయింది."

మా ఆవిడ కంటి కొస నుంచి నీరు కారి చెవిలోకి పోవడం అద్దంలోంచి కనిపించింది. తను వేలు లేపింది. ఆయన వెంటనే గొట్టం బయటకు తీసేసి, దూది అదిమిపెట్టి, "ఇగ మింగమ్మా" అన్నాడు. తను మింగింది. అడగాలనుకున్నది కూడా దాంతోపాటే మింగిందని నాకు తర్వాత తెలిసింది.

జవాబు రావడానికి వారం పైన పడుతుందన్నారు. ఇంటికొచ్చాక తను మాట్లాడడం తగ్గించేసింది. గొంతు నొప్పేమో అనుకున్నాను. మా వాటాల్లో ఆడవాళ్ల మధ్య స్టీలు డబ్బాలు తిరుగుతుంటాయి. ఒకరి పులిహోర ఇంకొకరికి, ఇంకొకరి లడ్డూలు మనకు. ఎవరి డబ్బా ఎవరి దగ్గరుందో దేవుడికే తెలుసు. మా ఆవిడ అటకల మీంచి, ఫ్రిజ్జు పైనుంచి ఆ డబ్బాలన్నీ దింపి, తోమి, ఒట్టిగా ఇవ్వకూడదని తలా గుప్పెడు పంచదార పోసి, ఎవరివి వాళ్లకు ఇచ్చి వచ్చింది. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు చేసే పని అది. నాకు ఎక్కడో గుచ్చుకుంది. మర్నాడు పొయ్యి దగ్గరికి పిలిచింది.

"కందిపప్పు ఎన్ని విజిల్స్‌కు ఆపాలో చూసుకోండి" అంది.

"నాకెందుకు?"

"నేర్చుకోండి."

"నాకెందుకని అడుగుతున్నాను."

తను కుక్కరు వైపు చూస్తూ చెప్పింది. "ఆయన ఆ రోజే చెప్పేశాడుగా. మునిగిందని. ఒకసారి కాదు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నేను సీసాను చూశాను. తను చూడలేదు. తలను పట్టీతో బిగించి పక్కకు తిప్పిపెట్టారు. తన కళ్లకు గోడ కనిపిస్తోంది, చెవులకు ఆయన గొంతు వినిపిస్తోంది. నోరు మెదపకూడదు. ముందు తేలింది అన్నాడు, తర్వాత మునిగింది అన్నాడు. మన భాషలో ఆ మాటకు ఇంకేం అర్థం ఉంది. కొంప మునిగింది అంటాం, వ్యాపారం మునిగింది అంటాం.

సీసా సంగతి అంతా చెప్పాను. కొవ్వు అయితే తేలుతుంది, గడ్డ ముక్క అయితే మునుగుతుంది, అది దొరికిందన్న సంతోషంలో అన్నాడని చెప్పాను. తను తల ఊపింది.

"మీరు నన్ను ఓదారుస్తున్నారు" అంది.

మా పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఓదార్చిన మనిషిని కాదు. కాబట్టి నిజమే చెబుతున్నానని తను నమ్మాలి. నమ్మలేదు. నేను చొక్కా తొడుక్కుని ఆటో ఎక్కాను.

ఆయన తన గదిలో భోజనం చేస్తున్నాడు. జొన్నరొట్టె, పప్పు, ఎండు మిరపకాయ పచ్చడి. తలుపు తీసుకుని లోపలికి పోయాను. "మీ నోటికి అదుపు లేదా అండీ" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఈ ఆసుపత్రికి గాజు గోడలున్నాయి గానీ లోపలివాళ్లకు ఎదుటి మనిషి కనపడడు అన్నాను. మాట్లాడకూడదని నోరు కట్టేసి, చెవిలో మునిగింది మునిగింది అని చెబుతారా అన్నాను. మా ఆవిడ డబ్బాలు పంచేస్తోంది, నాకు పప్పు నేర్పుతోంది అన్నాను.

ఆయన రొట్టె పళ్లెంలో పెట్టేశాడు.

"మునిగిందంటే మంచిగైందని గదా నేను..." అని ఆగిపోయాడు.

"మా వైపు కొంప మునిగితేనే మునిగింది అంటామండీ."

"మా దిక్కు గూడ గదే అంటం కాకా" అన్నాడు, చాలా మెల్లగా.

చెయ్యి పప్పుతో అలాగే ఉంది. గోడ వైపు చూస్తున్నాడు. ఎన్నేళ్లుగా అంటున్నాడో ఆ మాట. బల్ల మీద పడుకున్నవాళ్లు ఒక్కొక్కరూ ఆయన కళ్ల ముందుకు వస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

"ఎంతమంది ఇన్నరో" అన్నాడు. "ఒక్కరన్న అడగలే."

"మీరు మాట్లాడొద్దన్నారు కదండీ" అన్నాను. నా కోపం అప్పటికి సగం అయింది.

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. కారు మా సందులో పట్టక మూల దుకాణం దగ్గర వదిలేసి నడిచి వచ్చాడు. మా ఆవిడ గాభరాపడి కొంగు సర్దుకుంది. డాక్టరు ఇంటికి వచ్చాడంటే చెప్పరాని కబురు చెప్పడానికే వచ్చాడనుకుంది పాపం.

"గాజు గ్లాసు నిండ నీళ్లియ్యమ్మా. పేరిన నెయ్యి ఉందా? జరంత. ఆలుగడ్డ ఒకటి."

వంటింటి గట్టు దగ్గర నిలబడి, చెంచా కొసతో నెయ్యి తీసి నీళ్లలో వేశాడు. అది పైన తిరిగింది.

"గిది మొదటిది. నీ మెడలున్న కొవ్వు. పరీక్షకు పనికిరాదు. అందుకే తేలింది అన్న, నా మీద నాకే చిరాకై."

మా ఆవిడ బంగాళదుంప చెక్కు తీయబోతే వద్దని, కత్తితో సన్నగా ఒక ముక్క కోసి గ్లాసులో వదిలాడు. అది అడుగుకు పోయింది.

"గిది రెండోది. గడ్డ. బరువుంటది, మునుగుతది. ఆడిదాక పోవుడే కష్టం. పోయిన, అందింది, దొరికింది అని నాకు సంబురం. గంతే. అది మునిగితేనే సంగతి తేలుతదమ్మా."

తను గ్లాసు వైపు చాలాసేపు చూసింది. వంగి చూసింది.

"అయితే మంచిదా, చెడ్డదా అండీ?"

"అది నాకు తెల్వదు."

"ఇన్నేళ్లుగా చూస్తున్నారు. మీకు తెలియకుండా ఉంటుందా?"

"అనుకుంటా ఏదో. అనుకున్నది చెప్తే అబద్ధం చెప్పినట్టే. దానికి రంగులేసి చూస్తున్నరు ఇంకా. రాంగనే చెప్త. ఇప్పుడైతే నిజంగ తెల్వదు."

ఈ ఊళ్లో తెలియదు అనే మనిషి కోసం ఎంత వెతికినా దొరకడు. ఫోనుకు తెలుసు, లిఫ్టులో వాళ్లకు తెలుసు, గోడ మీది టీవీకి తెలుసు. ఆయన ఒక్కడే మా వంటింట్లో నిలబడి తెల్వదు అన్నాడు. మా ఆవిడ పైట కొంగుతో కళ్లు ఒత్తుకుని, పెద్దగా ఊపిరి తీసుకుంది. ఆ రోజుల్లో తను అంత నిండా ఊపిరి తీసుకోవడం అదే మొదటిసారి.

"పెసరట్టు వేస్తానండి, తింటారా?" అంది.

గట్టు దగ్గర నిలబడే తిన్నాడు. అల్లం పచ్చడి మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. తింటూ అడిగాడు, మునిగింది బదులు ఏమనాలె అని. "చిక్కింది అనండి" అంది మా ఆవిడ.

"చిక్కింది అంటే బక్కగైంది అనుకుంటరు. పరేషాన్ అయితరు."

"కుదిరింది?"

"సంబంధం కుదిరిందా అంటరు."

"అసలు ఏమీ అనకండి" అంది తను. "అయిపోగానే సీసా చూపించండి. వాళ్లే చూసుకుంటారు."

ఆయన నమలడం ఆపాడు. "గది మంచిగుంది" అన్నాడు. తర్వాత అలాగే చేసేవాడని, సీసా వెలుగుకు ఎత్తి పడుకున్నవాళ్ల కళ్ల ముందు పెట్టేవాడని ఆ గది బయట విన్నాను.

జవాబు వచ్చిందని పై అంతస్తు నుంచి కబురు వచ్చింది. ఆపరేషన్ డాక్టరు గదిలోకి వెళ్లేసరికి సూదాయన అక్కడ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఫలితం చెప్పడం ఆయన పని కాదు. చెప్తానన్నాడు కాబట్టి వచ్చాడు. నన్ను చూసి కుర్చీ ముందుకు జరిపాడు.

"మీరు కూర్చోండి" అన్నాడు.

ఆ తెలుగు ఆయనది కాదు. అంత చక్కగా నాతో ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. కుర్ర డాక్టరు కాగితాలు తిప్పుతూ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మా ఆవిడ అతని మాట వినడం లేదు. గోడ దగ్గరున్న ఆయన్ని చూసి, "మీరు చెప్పండి" అంది.

"చెడ్డదే అమ్మా" అన్నాడు. "కాని కరిగే రకం. మందుకు కరుగుతది. మందు కష్టం, జుట్టు పోతది, నోరు పూస్తది. కాని దవడ ముట్టుకునే పని లేదు. కత్తి లేదు."

"కత్తి లేదా?" అంది తను.

"లేదు."

నిమ్మకాయంత గడ్డలోంచి తీసిన రెండు దారప్పోగులు చూసి ఆ మాట చెప్పగలిగారు. అవి లేకపోతే ఏం జరిగేదో నేను ఆలోచించను.

మందులు ఎక్కించారు. జుట్టు పోయింది, నోరు పూసింది, అన్నీ ఆయన చెప్పినట్టే అయ్యాయి. తను మజ్జిగ అన్నం తప్ప ఏదీ తినలేని రోజులున్నాయి. నేను వండిన పప్పు తినలేకపోవడానికి మందు కారణం కాదని తను ఇప్పటికీ అంటుంది. మాటలోని ముద్దతనం పోయింది. గొంతు మళ్లీ తన గొంతు అయింది. చివరి స్కాన్ తీశాక ఆయన మమ్మల్ని బేస్‌మెంటుకు పిలిపించుకున్నాడు.

రెండు వేళ్లు చెవి కింద పెట్టి, కళ్లు మూసుకుని, ఎంతసేపో ఉన్నాడు. తర్వాత మింగమన్నాడు. తను మింగింది. ఆయనా మింగాడు.

"ఇగ నా దిక్కు రావొద్దమ్మా" అన్నాడు. "పైకి పో, పరీక్షలు చేయించుకో, ఇంటికి పో. ఈ మెట్లు దిగొద్దు. మీరు గూడ రాకు."

తను నమస్కారం పెట్టింది. పెసరట్ల పిండి రుబ్బి తెస్తానంటే కూడా ఆయన ఒప్పుకోలేదు. చెప్పాడు కాబట్టి మేము ఆ మెట్లు దిగలేదు. ఏడాదికోసారి వెళ్లినా హాల్లోంచి పైకి, పైనుంచి హాల్లోకి, అక్కడి నుంచి ఆటోకు.

ఒక్కసారి, ఆయన పోవడానికి ఏడాది ముందనుకుంటాను, లిఫ్టులో ఎవరో కిందికి నొక్కితే మేమూ వాళ్లతో బేస్‌మెంటుకు వెళ్లాం. తలుపు తెరుచుకుంది. నడవలో ఆయన, అటు తిరిగి, ఎవరో పెద్దాయనతో మాట్లాడుతున్నాడు. అదే పొట్టి చేతుల చొక్కా. మా ఆవిడ ముందుకు ఒక అడుగు వేసింది, నోరు తెరిచింది, వెంటనే మూసుకుని వెనక్కి వచ్చి నా వెనకాల నిలబడింది. తలుపు మూసుకుంది. లిఫ్టు పైకి కదిలింది.

"ఎదురుగానే ఉన్నాడు కదా, పిలవకపోయావా" అన్నాను.

"నన్ను ఇక్కడ చూస్తే ఆయన హడలిపోతాడండీ" అంది. "మళ్లీ వచ్చిందేమో అనుకుంటాడు."